చక్రం చేసే హెచ్చరిక

నడిచే వాహనానికి వేగం ఎంత అవసరమో, నిలిచే శక్తి అంతకంటే ఎక్కువ అవసరం. వాహనం కదలకపోతే ప్రయాణం ఆగిపోతుంది. వాహనం ఆగకపోతే ప్రాణమే పోవచ్చు. అయినా వాహనం కొనేవారు ఇంజను బలాన్ని గురించి, మైలేజీని గురించి, రంగును గురించి అడిగినంతగా బ్రేకును గురించి అడగరు. సక్రమంగా పనిచేస్తున్నంత కాలం బ్రేకు మౌనంగా ఉంటుంది. మౌనంగా సేవ చేసేవారిని గుర్తించకపోవడం లోకం తీరు. ఆ మౌనం చెదిరి చక్రంలోనుంచి తిరగలి తిప్పినట్లు గరగరమనే ధ్వని వినిపించిన నాడు మాత్రం యజమాని ఉలిక్కిపడతాడు. ఆ ధ్వని ఏమి చెబుతున్నది? దానికి కారణాన్ని ఇంటివద్దనే తెలుసుకోవడం ఎలా? సాధ్యమైనంతవరకు సరిచేసుకోవడం ఎలా? ఏ దశలో నిపుణుని ఆశ్రయించాలి? ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలిసి ఉండటం వాహనం నడిపే ప్రతివారికీ అవసరమే.

రామచంద్రపురం గోదావరి తూర్పు డెల్టాలోని పట్టణం. చిరకాలం తూర్పు గోదావరి జిల్లాలో భాగంగా ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరింది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట ఈ ప్రాంతాన్ని పచ్చని మాగాణిగా మార్చింది. కాలువలు ఏర్పడినచోట కాలువ గట్లు ఏర్పడ్డాయి. గట్ల మీద దారులు ఏర్పడ్డాయి. ఒకవైపు నిండుగా పారే కాలువ, మరొకవైపు పల్లంగా ఉండే వరిచేను, నడుమ ఇరుకైన రహదారి. ఎదురుగా ధాన్యపు బస్తాలతో ట్రాక్టరు వస్తుంది. మలుపులో పశువులు అడ్డుపడతాయి. బడి వదిలిన వేళ పిల్లలు సైకిళ్ళ మీద బారులు తీరి వస్తారు. ఇటువంటి దారిలో కారు నడిపేవానికి తప్పుకొనేందుకు చోటు ఉండదు. ఆగడం ఒక్కటే మార్గం. కాబట్టి బ్రేకును గురించిన జ్ఞానం ఇక్కడ కేవలం యంత్ర పరిజ్ఞానం కాదు. అది పౌరుని బాధ్యతలో ఒక భాగం.

ఆపే విద్య - దాని చరిత్ర

ఎడ్లబండి కాలంలో బండిని ఆపే పని చాలావరకు ఎడ్లదే. పగ్గం బిగిస్తే అవి నిలిచేవి. వాటితోపాటు బండి నిలిచేది. గుర్రపుబండ్లకు చక్రపు అంచును చెక్కదిమ్మెతో ఒత్తే ఏర్పాటు ఉండేది. మోటారు వాహనాలు వచ్చి, వేగం పెరిగి, చక్రాలకు రబ్బరు టైర్లు అమర్చిన తరువాత చెక్కదిమ్మె పనికిరాకుండా పోయింది. 1902లో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. అదే సంవత్సరం ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించాడు. లాంచెస్టర్ పద్ధతిలో చక్రంతోపాటు తిరిగే లోహపు పళ్ళాన్ని రాగి పలకలు పట్టి ఆపేవి. లోహం లోహాన్ని ఒరుసుకోవడం వల్ల చెవులు చిల్లులుపడే కీచుధ్వని పుట్టేది. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆంగ్లేయుడు ఆ పలకలకు రాతినార పొరను అతికించి ధ్వనిని తగ్గించాడు. శతాబ్దానికి పూర్వం ఆ తొలి బ్రేకు చేసిన చప్పుడే నేటి కారులో అరిగిపోయిన బ్రేకు చేసే చప్పుడు. రెండింటికీ కారణం ఒక్కటే: మధ్యలో ఉండవలసిన మెత్తని పొర లేకపోవడం.

ఆ తరువాత ద్రవపీడనంతో పనిచేసే బ్రేకులు వచ్చాయి. అమెరికాకు చెందిన మాల్కం లాక్‌హీడ్ ఈ పద్ధతికి రూపకల్పన చేయగా, 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ అటువంటి బ్రేకులను అమర్చారు. 1953లో ఫ్రాన్సులోని లే మాన్ వద్ద జరిగిన 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు విజయం సాధించడంతో లోకం దృష్టి వాటివైపు మళ్ళింది. మన దేశంలో తొలినాటి అంబాసిడర్ కార్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. నేడు మన రహదారులపై తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి.

బ్రేకు పనిచేసే తీరు

బ్రేకు కారును ఆపుతుందని సాధారణంగా అంటారు. శాస్త్రరీత్యా చూస్తే బ్రేకు చేసే పని చలనశక్తిని ఉష్ణంగా మార్చడం. వెయ్యి కిలోల బరువు గల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొంటే, దానిలోని చలనశక్తి సుమారు 139 కిలోజౌళ్ళు. అర లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి దాదాపు మరిగే స్థితికి తేవడానికి ఆ శక్తి సరిపోతుంది. కారు ఆగే కొద్ది క్షణాలలోనే అంత వేడినీ బ్రేకులు భరించి గాలికి వదలాలి. వేగం రెట్టింపయితే చలనశక్తి నాలుగు రెట్లవుతుంది. 30 కిలోమీటర్ల వేగంలో చక్కగా పనిచేసినట్లు కనిపించిన బ్రేకు 60 కిలోమీటర్ల వేగంలో చాలకపోవడానికి ఇదే కారణం.

పాదం ఒత్తిడి చక్రానికి చేరడంలో పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ సూత్రం ఇమిడి ఉన్నది. మూసి ఉన్న ద్రవంపై కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుంది. పెడలు మీద పాదం 20 కిలోల బరువుతో ఒత్తినదనుకొందాం. పెడలు మీటవలె పనిచేసి దానిని నాలుగు రెట్లు చేస్తే 80 కిలోలవుతుంది. మాస్టర్ సిలిండరు కంటే చక్రం వద్ద ఉన్న పిస్టను వైశాల్యం ఐదు రెట్లు ఉంటే, అక్కడ పనిచేసే బలం 400 కిలోలకు సమానమవుతుంది. వీటికి తోడు ఇంజను నడుస్తున్నప్పుడు ఏర్పడే శూన్యాన్ని ఉపయోగించుకొని పాదానికి అదనపు బలం చేకూర్చే బూస్టరు కూడ ఉంటుంది.

ఈ బలాన్ని చక్రం మీద ప్రయోగించే భాగం క్యాలిపర్. చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప డిస్కుకు ఇరువైపులా రెండు ప్యాడ్లను అది పట్టుకొని ఉంటుంది. ప్రతి ప్యాడుకు వెనుక ఉక్కు పలక, ముందు ఘర్షణ పదార్థపు పొర ఉంటాయి. కొత్త ప్యాడులో ఈ పొర మందం సాధారణంగా 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ అది రవ్వంత అరుగుతుంది. అలా అరగడం దోషం కాదు, దాని ధర్మం. పలకమీది బలపం అరిగితేనే అక్షరం వచ్చినట్లు, ప్యాడు అరిగితేనే కారు ఆగుతుంది. అరిగిన సంగతిని సకాలంలో గుర్తించకపోవడమే దోషం.

ధ్వనులు - వాటి అర్థాలు

నాడి చూసి వైద్యుడు రోగాన్ని గుర్తించినట్లు, ధ్వనిని విని బ్రేకు స్థితిని చాలావరకు గుర్తించవచ్చు. అయితే అన్ని ధ్వనులూ ఒకటి కావు. అవి ఎప్పుడు వస్తున్నాయి, ఎంతసేపు ఉంటున్నాయి, ఏ చక్రం నుంచి వస్తున్నాయి అనే మూడు విషయాలను గమనించాలి.

మొదటిది ఉదయం కారు తీసినప్పుడు వినిపించే గరగర. రాత్రి వాన కురిసినా, కారు కడిగి అలాగే నిలిపినా, తెల్లవారేసరికి పోత ఇనుప డిస్కు మీద పలుచని తుప్పు పడుతుంది. ఐదారుసార్లు బ్రేకు వేసేసరికి ప్యాడ్లు ఆ తుప్పును తుడిచివేస్తాయి, ధ్వని ఆగిపోతుంది. దీనికి చికిత్స అక్కరలేదు. అయితే వారాల తరబడి కదలని కారులో తుప్పు లోతుగా దిగి, డిస్కు మీద గుంటలు పడవచ్చు. అప్పుడు ధ్వని దానంతట అది పోదు.

రెండవది సన్నని కీచుధ్వని. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఉక్కు నాలుక అమర్చి ఉంటుంది. ఘర్షణ పొర రెండు మూడు మిల్లీమీటర్లకు తగ్గగానే ఆ నాలుక డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఇది ప్రమాదం కాదు, ప్రమాదం రాబోతున్నదనే కబురు. ఈ దశలో ప్యాడ్లను మార్చితే డిస్కుకు ఏ హానీ జరగదు.

మూడవది బ్రేకు వేసిన ప్రతిసారీ వచ్చే బండ గరగర. పాదానికి కూడ ఆ కంపనం తెలుస్తుంది. ఘర్షణ పొర పూర్తిగా అరిగి, వెనుక ఉన్న ఉక్కు పలక నేరుగా డిస్కును ఒరుసుకుంటున్నదని దీని అర్థం. ఉక్కు ఇనుమును కోస్తుంది, డిస్కు మీద చాళ్ళు పడతాయి, ఆగే దూరం పెరుగుతుంది, వేడి మితిమీరుతుంది. కీచుధ్వనిని నిర్లక్ష్యం చేసినవారికే ఈ దశ ఎదురవుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఈ ధ్వని వినిపించిన కారును మరమ్మతు అయ్యేవరకు రహదారి మీదికి తేకూడదు.

నాలుగవది బ్రేకుతో నిమిత్తం లేకుండా చక్రం తిరిగినంతసేపూ వచ్చే గీరుడు ధ్వని. డిస్కుకు వెనుక దుమ్మును ఆపడానికి పలుచని రేకు ఉంటుంది. ఆ రేకుకూ డిస్కుకూ నడుమ చిన్న కంకరరాయి చిక్కుకొంటే ఇటువంటి ధ్వని వస్తుంది. కారును మెల్లగా వెనుకకు నడిపితే రాయి ఒక్కొక్కసారి దానంతట అదే రాలిపోతుంది. వంగిన రేకు డిస్కుకు తగిలినా ఇదే ధ్వని వస్తుంది.

ఐదవది బేరింగు రొద. వేగంతోపాటు పెరుగుతూ, మలుపు తిరిగినప్పుడు హెచ్చుతూ తగ్గుతూ ఉండే హోరు ఇది. దీనికీ బ్రేకుకూ సంబంధం లేదు. బ్రేకు దోషమని భ్రమించి ప్యాడ్లను మార్చితే డబ్బు వృథా అవుతుంది, దోషం అలాగే మిగులుతుంది.

ఇవి కాక, హఠాత్తుగా గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెడలు అదురుతూ టకటకమనే ధ్వని రావడం ఏబీఎస్ గల కార్లలో సహజం. చక్రాలు జారకుండా ఆ యంత్రాంగం పీడనాన్ని క్షణక్షణం వదులుతూ బిగిస్తూ ఉండటమే దానికి కారణం. ఆ అదురుకు భయపడి పాదం తీయకూడదు.

నేల స్వభావం - బ్రేకు మీద ప్రభావం

ఒకే రకం కారు ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క విధంగా అరుగుతుంది. గోదావరి డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ. సముద్రతీరానికి చేరువగా తిరిగే కార్లపై ఉప్పుగాలి ప్రభావం కూడ ఉంటుంది. ఉప్పు కలిసిన తేమ ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి వీలుగా ఉండే రెండు పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోతే, ఒక ప్యాడు ఎల్లప్పుడూ డిస్కును అంటిపెట్టుకొని ఉంటుంది. అప్పుడు ఆ ఒక్క ప్యాడే త్వరగా అరిగి, రెండవది కొత్తదానివలె మిగిలిపోతుంది.

కోతల కాలంలో రైతులు ధాన్యాన్ని రోడ్డు అంచున ఆరబోయడం ఇక్కడి అలవాటు. గడ్డిపరకలు, ఊక, మట్టి చక్రాలలోనికి చేరతాయి. గట్ల మీద గ్రావెలు పరచినచోట ఇసుకరేణువులు ప్యాడ్లలో పొదిగినట్లు నిలిచి డిస్కును గీస్తాయి. వర్షాకాలంలో నీరు నిలిచిన దారిలో కారును నడిపితే డ్రమ్ములలోనికి నీరు చేరుతుంది. తడిసిన బ్రేకు కొంతసేపు పట్టు కోల్పోతుంది. నీటిని దాటిన వెంటనే వేగం పెంచకుండా, వెనుక వచ్చే వాహనాలను గమనించుకొంటూ, పెడలును తేలికగా ఒత్తి పట్టి కొంతదూరం నడిపితే ఘర్షణ వేడికి నీరు ఆరిపోతుంది.

తేమ వల్ల కలిగే మరొక నష్టం కంటికి కనిపించదు. వాడుకలో బ్రేకు ఆయిల్ అని పిలిచే ద్రవం నిజానికి నూనె కాదు. సాధారణ కార్లలో వాడే రకం గ్లైకాల్ జాతికి చెందిన రసాయనం. దానికి గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. డాట్ 4 రకం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. కొంత నీరు కలిసిన తరువాత దాని మరుగు స్థానం 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. వేడెక్కిన బ్రేకు వద్ద ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడలు మెత్తబడి నేలకు దిగిపోతుంది. ద్రవం వలె ఆవిరి ఒత్తిడిని అందించలేదు, అది నలిగిపోతుంది. అందుచేత సుమారు రెండు సంవత్సరాలకు ఒకసారి, లేదా తయారీదారు సూచించిన గడువుకు, ఈ ద్రవాన్ని మార్చడం మంచిది.

ఇంటివద్ద పరీక్షించే విధానం

పరీక్షకు మొదటి సాధనం చెవి. ఖాళీగా ఉన్న దారిలో, అద్దాలు దించి, ప్రహరీగోడ పక్కగా 20 కిలోమీటర్లు మించని వేగంతో కారును నడిపి బ్రేకు వేయాలి. గోడకు తగిలి తిరిగివచ్చే ధ్వని ఏ వైపు చక్రానిదో తేలికగా తెలుస్తుంది. మెల్లగా నడిపే కారులో హ్యాండ్ బ్రేకును కొద్దికొద్దిగా లాగినప్పుడు ధ్వని వస్తే దోషం వెనుక చక్రాలలో ఉన్నదని ఊహించవచ్చు. రాకపోతే ముందు చక్రాలను అనుమానించాలి.

రెండవ సాధనం స్పర్శ. ఎక్కువగా బ్రేకు వేయకుండా కొంతదూరం నడిపి ఆపిన తరువాత, ప్రతి చక్రం దగ్గరా అరచేతిని తాకించకుండా చేరువగా ఉంచి చూడాలి. మిగిలిన చక్రాలకంటే ఒకటి ఎక్కువ సెగ కొడుతుంటే అక్కడ ప్యాడు విడవకుండా పట్టుకొని ఉన్నదని అర్థం. బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగడం కూడ దీనికి సూచనే.

మూడవ సాధనం కన్ను. ముందుగా బానెటు ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బాను చూడాలి. ద్రవం కనిష్ఠ గీతకు చేరువగా ఉంటే ప్యాడ్లు అరిగి ఉండవచ్చు, లేదా ఎక్కడో కారుతూ ఉండవచ్చు. ప్యాడు అరిగినకొద్దీ పిస్టను బయటికి జరుగుతుంది. ఆ ఖాళీని నింపడానికి డబ్బాలోని ద్రవం దిగుతుంది. చక్రాల లోపలి వైపున, ద్రవ గొట్టాల కీళ్ళ వద్ద తడి మరకలు ఉన్నాయేమో చూడాలి. కారుడు కనిపిస్తే పరీక్షను అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలిపించాలి.

తరువాత చక్రాన్ని విప్పి చూడాలి. కారును గట్టి, సమతలమైన నేలమీద నిలపాలి. తడిమట్టి మీద, వాలు మీద ఈ పని చేయరాదు. హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు పెట్టాలి. చక్రం నేలమీద ఉండగానే నట్లను ఒక చుట్టు వదులు చేయాలి. ఆ తరువాత తయారీదారు సూచించిన చోట జాకీ పెట్టి ఎత్తాలి. జాకీ ఎత్తడానికి మాత్రమే గాని మోయడానికి కాదు. కారు కింద గట్టి ఇనుప స్టాండును అమర్చి, బరువును దానిమీదికి దించాలి. ఇటుకలు పేర్చి, కొబ్బరి దుంగలు పెట్టి కారును నిలబెట్టడం ప్రాణాంతకం. ఇటుక ఏ సూచనా లేకుండానే పగులుతుంది.

చక్రం తీయగానే డిస్కు, క్యాలిపర్ కనిపిస్తాయి. క్యాలిపర్‌లోని సందుగుండా టార్చిలైటు వేసి లోపలి, బయటి ప్యాడ్ల మందాన్ని వేరువేరుగా చూడాలి. బయటి ప్యాడును మాత్రమే చూసి తృప్తిపడినవారు మోసపోతారు. లోపలిది పూర్తిగా అరిగి ఉండవచ్చు. ఘర్షణ పొర 3 మిల్లీమీటర్లకు తగ్గి ఉంటే ప్యాడ్లను మార్చే సమయం వచ్చినట్లే. చల్లారిన డిస్కు మీద గోటిని మధ్యనుంచి అంచువరకు లాగి చూడాలి. గోరు సాఫీగా జారితే డిస్కు బాగున్నట్లు. గోరు చాళ్ళలో చిక్కుకొంటే దానిని మెకానిక్‌కు చూపించాలి. డిస్కు ఎంతవరకు అరగవచ్చునో ఆ కనీస మందాన్ని చాలా డిస్కుల మీదనే అంకెలతో ముద్రిస్తారు. అంతకంటే పలుచబడిన డిస్కును తోపించడం కాక, మార్చడమే శ్రేయస్కరం.

ప్యాడ్లను మార్చే క్రమం

ముందు చక్రాల ప్యాడ్లను మార్చడం శ్రద్ధ, తగిన పనిముట్లు ఉన్నవారికి సాధ్యమైన పని. అయితే తొలిసారి చేసేవారు అనుభవజ్ఞుని సమక్షంలోనే చేయాలి. ప్యాడ్లను ఎప్పుడూ జతగా, రెండు ముందు చక్రాలకూ ఒకేసారి మార్చాలి. ఒకవైపు కొత్తవి, మరొకవైపు పాతవి ఉంటే కారు పక్కకు లాగుతుంది. ఒక చక్రం పూర్తయిన తరువాతనే రెండవది విప్పితే, బిగింపులో సందేహం వచ్చినప్పుడు రెండవవైపు చూసి సరిచూసుకోవచ్చు.

క్యాలిపర్ వెనుక ఉన్న కింది బోల్టును తీస్తే చాలా కార్లలో క్యాలిపర్ తలుపువలె పైకి లేస్తుంది. దానిని పూర్తిగా విప్పవలసివస్తే తీగతో స్ప్రింగుకు కట్టాలి గాని, రబ్బరు గొట్టానికి వేలాడదీయకూడదు. గొట్టం లోపల చిట్లే ప్రమాదం ఉన్నది. పాత ప్యాడ్లను తీసి, అవి ఏ వైపు ఎలా ఉన్నవో గుర్తుంచుకోవాలి. పిన్నులను బయటికి లాగి, తుప్పును తుడిచి, బ్రేకులకు ప్రత్యేకించిన గ్రీజును పలుచగా పూయాలి. సాధారణ గ్రీజు వేడికి కరిగిపోతుంది, రబ్బరును పాడుచేస్తుంది. ప్యాడు ముఖానికి గాని డిస్కుకు గాని గ్రీజు సోకనేకూడదు. సోకితే డిస్కును బ్రేకు క్లీనరుతో శుభ్రపరచాలి. గ్రీజు పీల్చిన ప్యాడును వాడకూడదు.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనుక పిస్టనును లోపలికి నెట్టాలి. ముందుగా ఆయిల్ డబ్బా మూత వదులు చేసి, పాత ప్యాడును పిస్టనుకు అడ్డంగా పెట్టి, సి క్లాంపుతో మెల్లమెల్లగా బిగించాలి. ద్రవం వెనుకకు మళ్ళి డబ్బాలో మట్టం పెరుగుతుంది. అందుచేతనే ప్యాడ్లు మార్చక ముందు డబ్బాను నింపకూడదు. నింపితే ద్రవం పొంగి రంగు మీద పడుతుంది. అది రంగును తినివేస్తుంది. పడినవెంటనే నీటితో కడగాలి. పిస్టను ఎంతకీ కదలకపోతే బలప్రయోగం చేయక నిపుణునికి అప్పగించాలి.

కొత్త ప్యాడ్లను అమర్చి, క్యాలిపర్‌ను దించి, బోల్టులను తయారీదారు చెప్పినంత బిగువుకు బిగించాలి. చక్రం పెట్టి, కారును దించి, నట్లను ఒకదాని తరువాత దాని ఎదుటిదాన్ని బిగించే క్రమంలో గట్టిపరచాలి. ఇంత పని చేసిన తరువాత చాలామంది మరచిపోయే విషయం ఒకటి ఉన్నది. పిస్టను వెనుకకు నెట్టి ఉన్నందువల్ల మొదటి ఒత్తుడుకు పెడలు నేలదాకా దిగిపోతుంది. కారును కదల్చక ముందే పెడలును అది గట్టిపడేవరకు పలుమార్లు ఒత్తాలి. అలా చేయకుండా కారును వెనుకకు తీస్తే అది ఆగదు. చక్కని పనిని చివరి నిమిషపు మరపు చెరిపివేయగల సందర్భమిది.

తరువాత ఆయిల్ మట్టాన్ని సరిచూసి, ఖాళీ దారిలో నెమ్మదిగా పరీక్షించాలి. కొత్త ప్యాడు ముఖం, డిస్కు ముఖం ఒకదానికొకటి అమరడానికి కొంత సమయం పడుతుంది. 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు, పూర్తిగా నిలపకుండా, మృదువుగా పదిసార్లు తగ్గించి, మధ్యమధ్య చల్లారనిస్తే ఆ అమరిక కుదురుతుంది. మొదటి రెండు మూడు రోజులు వేగాన్ని అదుపులో ఉంచడం వివేకం.

ఆరోగ్యం - బాధ్యత

బ్రేకు దుమ్మును నోటితో ఊదడం, కంప్రెసరు గాలితో కొట్టడం కొన్నిచోట్ల కనిపించే అలవాటు. ఇది ప్రమాదకరమైనది. పూర్వం బ్రేకు పొరలలో విరివిగా వాడిన రాతినార క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. లాంచెస్టర్ బ్రేకు చప్పుడును అణచిన పదార్థమే పనివారి ఊపిరితిత్తులకు శత్రువయిందన్నమాట. రాతినార లేని ప్యాడ్ల దుమ్ము కూడ పీల్చదగినది కాదు. ముక్కుకు మాస్కు కట్టుకొని, తడిగుడ్డతో గాని బ్రేకు క్లీనరుతో గాని తుడవాలి. ఆ గుడ్డను విడిగా మూటకట్టి పారవేయాలి. ప్యాడ్లను కొనేటప్పుడు చౌకదనాన్ని చూసి నకిలీలకు లోబడకూడదు. పెట్టె మీద తయారీదారు పేరు, భాగం సంఖ్య సరిచూసుకొని, బిల్లు తీసుకోవాలి.

ఇంట్లో చేయదగిన పనికి హద్దు ఉన్నది. పెడలు మెత్తగా దిగిపోవడం, ద్రవం కారడం, హెచ్చరిక దీపం వెలగడం, డిస్కు పగుళ్ళు, విద్యుత్తుతో పనిచేసే హ్యాండ్ బ్రేకు, బలమైన స్ప్రింగులు గల వెనుక డ్రమ్ములు, ఇవి మెకానిక్ చేతిలో పెట్టవలసినవి. అటువంటి స్థితిలో కారును షెడ్డు వరకు నడుపుకొని పోవడం కూడ తగదు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించాలి, లేదా కారును మోసుకొనిపోయే వాహనాన్ని తెప్పించాలి. తన పరిధిని తెలుసుకోవడం కూడ జ్ఞానంలో భాగమే. ఇంటివద్ద పరీక్ష నేర్చినవాడు మెకానిక్‌ను కాదనేవాడు కాదు. ఏ చక్రంలో, ఏ సమయంలో, ఏ ధ్వని వస్తున్నదో స్పష్టంగా చెప్పి, అతని పనిని తేలిక చేసేవాడు. అక్కరలేని భాగాలను మార్పించుకొని నష్టపోయే అవకాశం కూడ అతనికి తక్కువ.

దోషం ఉన్న వాహనాన్ని తెలిసి రహదారి మీద నడపడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం. చట్టం కంటే ముందు ఆలోచించవలసింది ఎదుటివారి ప్రాణాన్ని గురించి. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో, పెడలు ఒత్తిన తరువాత సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. పట్టు సగమైతే ఆ దూరం 40 మీటర్లవుతుంది. ప్రమాదాన్ని గుర్తించి పాదం కదపడానికి పట్టే ఒక్క సెకనులోనే కారు మరో 16 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. మంచి బ్రేకు గల కారు ఆగిపోయినచోట, అరిగిన బ్రేకు గల కారు ఇంకా వేగంగానే పోతూ ఉంటుంది. మిగిలిన ఆ 20 మీటర్లలో కాలువగట్టు మీద ఒక సైకిలు, దానిమీద పుస్తకాల సంచితో ఒక విద్యార్థి ఉండవచ్చు.

యంత్రానికి మాట రాదు. తన బాధను ధ్వనిగానే తెలుపుతుంది. పాటల ధ్వనిని పెంచి ఆ గరగరను కప్పిపుచ్చుకొనేవాడు తనను తాను మోసగించుకొంటాడు. వినగలిగిన చెవి, చూడగలిగిన కన్ను, సకాలంలో సరిదిద్దాలనే బుద్ధి ఉన్నవానికి అదే ధ్వని మేలుకొలుపు అవుతుంది. నెలకొకసారి ఆయిల్ మట్టాన్ని చూడటం, టైర్లు మార్పించే ప్రతిసారీ ప్యాడ్ల మందాన్ని పరిశీలించడం, కీచుమన్న నాడే కారణం వెదకడం అనే మూడు అలవాట్లు చాలు. వాటికి పట్టేది కొద్ది నిమిషాల కాలం. అవి కాపాడేది కారునూ, కారులోని వారినీ మాత్రమే కాదు. ఆ కారును ఏనాడూ ఎక్కని, ఆ దారిన నడిచిపోయే ప్రతి మనిషినీ.